ఉప్పుగాలిలో పాత ప్లేస్టేషన్: ఒక చిన్న కంప్యూటర్ కట్టిన కేసు

మూత తీయగానే చిలుము వాసన గుప్పుమంది. పవర్ సప్లై బోర్డు మీద రాగి గీతలు కొన్నిచోట్ల పచ్చగా పొంగి ఉన్నాయి, కొన్నిచోట్ల అసలు లేవు. బూడిద రంగు తొలి తరం ప్లేస్టేషన్ అది, టీవీకి కలిపి వీడియో గేములు ఆడుకునే పెట్టె. పెదవాల్తేరులో ఉండే ఒక పెద్దాయన 1998లో సింగపూర్‌లో కొన్నారు. ఓడల మీద చీఫ్ ఇంజనీర్‌గా పనిచేసి విరమించిన మనిషి. ఆ ఏడాది ఓడ దిగి ఇంటికి వస్తూ పిల్లలిద్దరికీ తెచ్చిన కానుక.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు ఆ ఇంటికి సముద్రం వైపు ఉన్న కిటికీ తలుపులు ఊడిపోయాయి. టీవీ బల్ల కింది అరలో ఉన్న ఈ పెట్టె గంటల తరబడి నానింది. పైగా అది ఒట్టి వాన నీరు కాదు. గాలి అలల మీద నుంచి ఎత్తుకొచ్చిన ఉప్పు అందులో కలిసి ఉంది. నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు కనుక తడిసిన వెంటనే ఎవరూ ప్లగ్ పెట్టలేదు. ఆరిన తరువాత పెట్టారు. వెలగలేదు. అటకెక్కించారు.

పదేళ్లకు పైగా గడిచాక, 2025 ఏప్రిల్‌లో, దాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుని అక్కయ్యపాలెంలోని మా రిపేరు షాపుకు వచ్చారు పెద్దాయన.

"దీన్ని కంప్యూటర్‌గా మార్చగలవా బాబూ? నేను తెలుగు పేపర్లు చదువుకోవాలి, చదరంగం ఆడుకోవాలి. మనవడు ఏడో తరగతి, వాడు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలి. కానీ బయట నుంచి చూస్తే ఇది ఇదిలాగే ఉండాలి. బటన్ నొక్కితే టక్‌మనాలి."

ఈ చివరి రెండు మాటలే పని మొత్తాన్ని శాసించాయి. ఇలాంటివి నేను అంతకుముందు మూడు కట్టాను. మూడింటిలోనూ వెనక భాగం కోశాను, అడుగున రంధ్రాలు వేశాను. ఈసారి అసలు పెట్టెకు ఒక్క కోత కూడా పెట్టకూడదని ఒప్పుకున్నాను. ఆ మాట మీద నిలబడటం వల్లనే నేర్చుకున్నది ఎక్కువ కనుక ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

ముందు బతికించి చూడటం

బాగుపడే యంత్రాన్ని ఖాళీ చేసి వేరొకటి పెట్టడం నేను చేయను. 1994 డిసెంబరు 3న జపాన్‌లో విడుదలైన ప్లేస్టేషన్ ప్రపంచమంతా 10 కోట్లకు పైగా అమ్ముడైంది. అరుదైన వస్తువేమీ కాదు. అయినా పనిచేసే స్థితిలో ఉన్నవి ఏటేటా తగ్గుతున్నాయి. మన ఊళ్లో సముద్రగాలికి ఇంకా తొందరగా పోతాయి. అందుకని మొదటి రెండు రోజులు దాన్ని బతికించడానికే కేటాయించాను.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి బ్రష్షుతో రెండు బోర్డులూ కడిగాను. పవర్ సప్లైని పక్కన పెట్టి, బల్ల మీది సప్లై నుంచి మెయిన్ బోర్డుకు నేరుగా వోల్టేజి ఇచ్చాను. ప్రాసెసర్ వైపు కొంత కరెంటు తీసుకుంది కానీ తెర మీద ఏమీ రాలేదు. భూతద్దం పెట్టి చూస్తే కారణం కనిపించింది. చిప్పుల కాళ్ల కింద చిలుము పాకి పక్కపక్క కాళ్లను కలిపేసింది. ఫ్లాట్ కేబుల్ సాకెట్లలో కొన్ని పిన్నులు ముట్టుకుంటే పొడిగా రాలిపోయాయి. బోర్డు లోపలి పొరల్లో తెగిన గీతలకు జంపర్ తీగలు వేస్తూ పోతే అంతు ఉండదు. పెద్దాయనకు ఫోను చేసి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "అయితే కానివ్వు" అన్నారు.

పాత బోర్డులను, డిస్క్ డ్రైవును, లోపలి రేకు కవచాలను సిలికా జెల్ పొట్లాలతో కలిపి ఒక డబ్బాలో పెట్టి సీలు వేసి ఆయనకే ఇచ్చాను. రేపు ఎవరైనా ఈ పెట్టెను మళ్లీ ప్లేస్టేషన్ చేయదలిస్తే ముక్క కూడా పోకూడదు.

ఏ బోర్డు

పెట్టె బయటి కొలతలు సుమారు 27 సెంటీమీటర్ల వెడల్పు, 19 సెంటీమీటర్ల లోతు, 6 సెంటీమీటర్ల ఎత్తు. మినీ ఐటీఎక్స్ అనే చిన్న రకం కంప్యూటర్ మదర్‌బోర్డు 17 సెంటీమీటర్ల చతురస్రం, కాగితం మీద లెక్కేస్తే పట్టాలి. పట్టదు. ముందు వైపు కంట్రోలర్ సాకెట్ల దిమ్మ లోపలికి చొచ్చుకొని ఉంటుంది, స్క్రూలు దిగే స్తంభాలు మధ్యలో అడ్డొస్తాయి, వెనక వైపు దాని పోర్టులన్నీ బయటికి రావాలంటే గోడ కోయక తప్పదు. ఆ దారి మొదటి రోజే మూసేశాను.

ఒకే చిన్న బోర్డు మీద మొత్తం కంప్యూటర్ ఉండే రాస్ప్‌బెర్రీ పై 5 (ఇక నుంచి 'పై 5'), 8 జీబీ మెమరీ ఉన్నది తీసుకున్నాను. 85 మిల్లీమీటర్ల పొడవు, 56 మిల్లీమీటర్ల వెడల్పు. 2.4 గిగాహెర్ట్జ్‌తో నడిచే నాలుగు కోర్‌లు వార్తలు చదవడానికీ, వీడియో కాల్‌కూ, పిల్లవాడు ప్రోగ్రాములు రాసే పైథాన్ భాషకూ చాలు. నన్ను లాగింది వేరే సంగతి. ఈ తరంలో పవర్ బటన్ ఉంది, బయటి బటన్ కలుపుకోవడానికి బోర్డు మీదే రెండు టంకపు బిందువులు వదిలారు. పెద్దాయన అడిగిన 'టక్' అక్కడి నుంచే రావాలి.

ఫైళ్లు భద్రపరచడానికి మెమరీ కార్డు బదులు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే చిప్పుల డ్రైవు) పెట్టాను. బోర్డు పైన కూర్చునే రకం అడాప్టర్ కొనలేదు. అది ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ మీద కప్పులా కూర్చుని గాలిని ఆపేస్తుంది. కింద కూర్చునే రకం తెప్పించి, చిన్న రిబ్బన్ కేబుల్‌తో కలిపాను.

ఖర్చు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. విడిభాగాలు, ముద్రించిన ముక్కలు, నా కూలి కలిపితే దుకాణంలో కొత్త చిన్న కంప్యూటర్ ఒకటి కొన్నంత అయింది. పాత పెట్టెలో కడితే చౌక అవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ పని చేయించుకునేవారు ఆ పెట్టె కోసమే చేయించుకుంటారు.

వేడి

ఈ పెట్టెకు పుట్టుకతో ఫ్యాన్ లేదు. పక్కల్లోనూ అడుగునా ఉన్న చీలికల గుండా వేడి తనంతట తానే పోవాలి. వేడి ఈ పెట్టెతో ఎంత గొడవ పడిందో ఆ రోజుల్లో ఆడినవారికి గుర్తుండే ఉంటుంది. తొలి మోడళ్లలో లేజర్ సరిగ్గా పవర్ సప్లై పక్కనే ఉండేది. ఆ సెగకు లేజర్ కదిలే ప్లాస్టిక్ పట్టా అరిగి, వంగి, ఆట మధ్యలో ఆగిపోయేది. పిల్లలు పెట్టెను తలకిందులుగా బోర్లించి ఆడేవారు. తరువాతి మోడళ్లలో డ్రైవును పవర్ సప్లైకి దూరంగా జరిపారు. మా చేతికి వచ్చింది అలా జరిపిన తరువాతిది.

ఇవన్నీ తెలిసి కూడా మొదటి అమరికలో నేను వేడిని చివరికి వదిలేశాను. బోర్డును మధ్యలో, డిస్క్ గుంట కిందికి వచ్చేలా పెట్టాను, ఎందుకంటే కేబుళ్లకు అదే సులువు. దాని మీద మామూలుగా వచ్చే ఫ్యాన్ కూలర్ బిగించాను. కుడి పక్క చీలికల దగ్గర 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి, లోపలి వేడిని బయటికి లాగేలా పెట్టాను. మే నెల, షాపులో 33 డిగ్రీలు. నాలుగు కోర్‌లకూ పూర్తి పని ఇచ్చి మూత వేశాను. 25 నిమిషాల్లో 81 డిగ్రీలు చూపించింది. ఈ ప్రాసెసర్ 80 దాటితే తన వేగాన్ని తానే తగ్గించుకోవడం మొదలుపెడుతుంది, 85 దగ్గర ఇంకా గట్టిగా తగ్గిస్తుంది. అంటే వేసవిలో ఈ పెట్టె కొన్న వేగంతో ఎప్పుడూ నడవదు.

పెద్దాయన ఆ సాయంత్రం షాపుకు వచ్చారు. మూత తీసి ఉన్న పెట్టెను చూసి, అగరుబత్తి ఉందా అని అడిగారు. షాపులో దేవుడి పటం దగ్గర ఎప్పుడూ ఉంటుంది. మూత వేసి, ఫ్యాన్ నడిపించి, వెలిగించిన అగరుబత్తిని పెట్టె చుట్టూ మెల్లగా తిప్పారు. ఎడమ చీలికల దగ్గర పొగ లోపలికి పోతుందని నేను అనుకున్నాను. అక్కడ దాదాపు కదలనే లేదు. మెమరీ కార్డు రెక్కల సందుల్లోకి, డిస్క్ మూత అంచుల్లోకి, బటన్ల చుట్టూ ఉన్న సన్నటి ఖాళీల్లోకి, వెనక కేబుల్ కంతల్లోకి వెళ్లింది. ఫ్యాన్ తనకు దగ్గరగా ఉన్న ప్రతి సందులోంచీ గాలి లాగుతోంది. ప్రాసెసర్ దాకా వెళ్లే గాలి చాలా తక్కువ.

"ఇంజిన్ రూములో మేము గాలిని లోపలికి తోస్తాం బాబూ, బయటికి లాగం. ఇంజిన్ తాగే గాలి కన్నా కొంచెం ఎక్కువే తోస్తాం. లోపల ఒత్తిడి కాస్త ఎక్కువ ఉంటే సందులన్నీ బయటికే ఊదుతాయి. గాలి ఎటు నుంచి రావాలో మనం చెప్పాలి. అది చెప్పకుండా యంత్రాన్ని పెట్టకూడదు."

ఆ మాటతో నేను కట్టిందంతా విప్పేశాను. ఈ కేసులో అసలైన మలుపు ఇదే. అంతవరకు బోర్డు ఎక్కడ పడితే అక్కడికి గాలి తీసుకెళ్లాలని చూశాను. ఇప్పుడు ముందు గాలి దారి గీసి, ఆ దారిలో బోర్డును పెట్టాను.

ఫ్యాన్‌ను తిరగేసి ఎడమ పక్కకు మార్చాను. ఎడమ చీలికల నుంచి బోర్డు కూలర్ వరకు ఒక గొట్టంలాంటి దారిని త్రీడీ ప్రింటర్ మీద ముద్రించాను. కూలర్ దాటాక గాలి కుడి చీలికల గుండా పోతుంది. ముద్రణకు పీఎల్ఏ అనే మామూలు ప్లాస్టిక్ వాడలేదు. అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, వేడి పెట్టెలో నెలల తరబడి ఉంటే వంగిపోతుంది. పీఈటీజీ అనే మరో ప్లాస్టిక్ వాడాను, అది 80 దాకా తట్టుకుంటుంది. గొట్టాన్ని పెట్టెకు అతికించలేదు. పాత పవర్ సప్లై స్క్రూలు దిగిన స్తంభాలకే బిగించాను.

అదే పరీక్ష మళ్లీ చేశాను. గంట తరువాత 66 డిగ్రీల దగ్గర నిలిచింది. అగరుబత్తి తిప్పితే ప్రతి సందు దగ్గరా పొగ బయటికే వంగింది. ఒక్క ఎడమ చీలికల దగ్గర మాత్రం లోపలికి పోయింది. ఫ్యాను అదే, కూలరూ అదే. మారింది దిశ, దారి మాత్రమే.

ఉప్పు

వేడి తగ్గినందుకే నేను సంతోషపడితే పెద్దాయన వేరే సంగతికి సంతోషపడ్డారు. గాలి ఒక్క ద్వారం గుండానే వస్తోంది కనుక ఆ ద్వారానికి జాలీ కట్టవచ్చు. లాగే పద్ధతిలో ఆ అవకాశమే లేదు. పది సందులకు పది జాలీలు కట్టలేము.

సముద్రానికి దగ్గరి ఇళ్లలో ఎలక్ట్రానిక్స్ త్వరగా ఎందుకు పోతాయో మా షాపుకు వచ్చేవారికి నేను తరచూ చెబుతుంటాను. గాలిలో వచ్చే సన్నటి ఉప్పు రేణువు పొడిగా ఉన్నంతసేపు పెద్దగా హాని చేయదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే ద్రవమైపోతుంది. విశాఖలో ఆ మట్టం దాటని రోజులు తక్కువ. అప్పుడు బోర్డు మీద విద్యుత్తును మోసే పలుచటి పొర ఏర్పడుతుంది. దగ్గరదగ్గరగా ఉన్న రెండు గీతల మధ్య వోల్టేజి తేడా ఉంటే లోహం ఒక గీత నుంచి కరిగి రెండో దాని వైపు పాకుతుంది. హుద్‌హుద్ ఒక్క రోజులో చేసిన పనిని మామూలు సముద్రగాలి ఏళ్ల తరబడి నిదానంగా చేస్తుంది. కడిగినా ఉప్పు మూలల్లో మిగిలితే అది ప్రతి వర్షాకాలంలోనూ మేలుకుంటుంది. అందుకే పాత పెట్టె ప్లాస్టిక్ భాగాలను బోర్లా, వెల్లకిలా తిప్పుతూ మూడుసార్లు మంచినీళ్లలో సబ్బుతో కడిగి, చివరికి బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెట్టాను. థిన్నర్, అసిటోన్ దగ్గరికి రానివ్వలేదు, అవి ఏబీఎస్ ప్లాస్టిక్‌ను కరిగిస్తాయి. రంగు తెల్లబరచడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టే పద్ధతి ఒకటి ఉంది. అడిగినా చేసేవాడిని కాదు. ఆ పెట్టె వయసు ఆ పెట్టెదే.

జాలీగా సన్నటి నైలాన్ వల వాడాను, చిన్న చట్రంలో బిగించి గొట్టం నోటికి జారేలా పెట్టాను. దాంతో ఉష్ణోగ్రత 66 నుంచి 69కి పెరిగింది. ఆ మూడు డిగ్రీలు నేను ఇష్టంగానే చెల్లించాను. నైలాన్ వల ఉప్పు మొత్తాన్ని ఆపదు, సన్నటి రేణువులు దాటిపోతాయి. దుమ్మును మాత్రం చాలావరకు ఆపుతుంది, ఉప్పునూ తేమనూ పట్టి బోర్డు మీద అంటిపెట్టేది ఆ దుమ్మే.

పాత ఇనుప స్క్రూలన్నీ తీసి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేశాను. మామూలు 304 రకం కన్నా దీనిలో మాలిబ్డినం ఉండటం వల్ల ఉప్పుకు బాగా నిలుస్తుంది. నేను టంకం పెట్టిన చిన్న బోర్డుల మీద, తీగల కొసల మీద ఎక్రిలిక్ కోటింగ్ స్ప్రే కొట్టాను. ఎక్రిలిక్ ఎందుకంటే, రేపు రిపేరు వస్తే ద్రావకంతో తుడిచి మళ్లీ టంకం పెట్టవచ్చు. ఎపాక్సీ కొడితే ఆ బోర్డు ఇక తెరుచుకోదు. పై 5 బోర్డు మీద మాత్రం ఏమీ కొట్టలేదు. దాని మీద సాకెట్లు ఎక్కువ, ఒక్క చుక్క లోపలికి పోయినా చేజేతులా పాడుచేసినట్లే.

టక్

అసలు ప్లేస్టేషన్ పవర్ బటన్ నొక్కితే లోపలికి దిగి ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే పైకి లేస్తుంది. ఆ 'టక్' ఆ స్విచ్ లోపలి కొక్కెంది. పై 5కు కావలసింది వేరు. నొక్కి వదిలేయాలి. నొక్కి పట్టుకుంటే అది బలవంతంగా ఆపమన్న ఆజ్ఞగా తీసుకుని కరెంటు కోసేస్తుంది. కనుక పాత స్విచ్‌ను నేరుగా కలిపితే నడిచే యంత్రం క్షణాల్లో ఆరిపోతుంది.

సులువైన దారి, కొత్త స్విచ్ వేయడం. గత మూడు పెట్టెల్లోనూ అదే చేశాను. ఈసారి పెద్దాయన నా దగ్గర మాట తీసుకున్నారు. పాత పవర్ సప్లై బోర్డు నుంచి ఆ స్విచ్‌ను విప్పి, కాళ్ల చిలుము గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మీటరుతో వంద సార్లు నొక్కి చూశాను. స్విచ్ బతికే ఉంది.

దానికీ పై 5 బోర్డుకూ మధ్య ఏటీటైనీ85 అనే ఎనిమిది కాళ్ల చిన్న మైక్రోకంట్రోలర్ పెట్టాను. స్విచ్ లోపలికి దిగిందని చూస్తే అది పై 5 బటన్ బిందువులను ఒక చిన్న ట్రాన్సిస్టర్ ద్వారా క్షణంలో ఐదో వంతు సేపు కలిపి వదులుతుంది. అంటే ఒకసారి నొక్కినట్లు, యంత్రం లేస్తుంది. స్విచ్ పైకి లేచిందని చూస్తే వెంటవెంటనే రెండుసార్లు కలుపుతుంది. డెస్క్‌టాప్ నడుస్తున్నప్పుడు పై 5 బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే అది ఫైళ్లన్నీ సర్దుకుని సక్రమంగా ఆగిపోతుంది. ఏటీటైనీకి కరెంటు యూఎస్‌బీ నుంచి కాకుండా బోర్డు 5 వోల్టుల పిన్ను నుంచి ఇచ్చాను, యంత్రం ఆగి ఉన్నా అది మేలుకొని ఉండాలి.

ఒక చిక్కు మిగిలింది. కరెంటు పోయి వస్తే పై 5 స్విచ్ స్థితి చూడకుండా తనంతట తానే లేస్తుంది. బటన్ పైకి ఉంటుంది, యంత్రం నడుస్తుంటుంది, తరువాత నొక్కితే అంతా తారుమారు. యంత్రం లేవగానే మొదట నడిచే బూట్‌లోడర్ అనే ప్రోగ్రాములో బటన్ నొక్కేవరకు ఆగమని చెప్పే సెట్టింగు ఉంది, అది పెట్టాను. కరెంటు రాగానే ఏటీటైనీ స్విచ్‌ను చూస్తుంది. దిగి ఉంటే లేపుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. ఇప్పుడు బటన్ స్థితి, యంత్రం స్థితి ఎప్పుడూ ఒకటే.

ఆకుపచ్చ దీపం కూడా పాత చోటే వెలుగుతుంది. దాన్ని 330 ఓముల రెసిస్టర్‌తో పై 5 పిన్నుకు కలిపాను.

కరెంటు, వెనక కంతలు

పాత పెట్టెలో 230 వోల్టులు నేరుగా లోపలికి వచ్చేవి. పన్నెండేళ్ల పిల్లవాడు మూత విప్పి చూస్తాడని తెలిసిన పెట్టెలో నేను మెయిన్స్ పెట్టను. పై 5 కోసం తయారైన 5.1 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్ బయటే ఉంటుంది.

ఇక్కడ నాకు రెండు రోజులు వృథా అయ్యాయి. పాత పవర్ సాకెట్ కంతలో టైప్ సీ సాకెట్ అమర్చి, లోపల చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో బోర్డుకు కలిపాను. చూడటానికి బాగుంది. యంత్రం లేచింది, లేవగానే ఈ సప్లై 5 ఆంపియర్లు ఇవ్వలేదని హెచ్చరించింది. అడాప్టర్, బోర్డు తమలో తాము మాట్లాడుకునే సన్నటి తీగ ఆ ఎక్స్‌టెన్షన్‌లో సరిగా లేదు. అలాంటప్పుడు పై 5 యూఎస్‌బీ పోర్టులన్నింటికీ కలిపి 600 మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వదు. భారం పెంచితే తక్కువ వోల్టేజి హెచ్చరిక కూడా వచ్చింది. మీటరు పెట్టి చూస్తే అడాప్టర్ దగ్గర 5.1 ఉన్నది బోర్డు చేరేసరికి 4.6కు పడిపోతోంది. రెండో రకం ఎక్స్‌టెన్షన్ తెప్పిస్తే అదీ అంతే. చివరికి సాకెట్ ఆలోచనే మానేశాను. అడాప్టర్ తీగ కొసను ఆ కంతలోంచి లోపలికి తీసుకెళ్లి నేరుగా బోర్డుకు గుచ్చి, లాగితే ఊడకుండా రబ్బరు బిగింపు వేశాను. హెచ్చరికలు రెండూ పోయాయి. ముందే ఇలా చేయాల్సింది.

పాత ఏవీ సాకెట్ కంతలో ఒక చిన్న ముద్రిత పట్టీతో హెచ్‌డీఎంఐ వచ్చింది. పాత పారలల్ పోర్టు (అదనపు పరికరాలు తగిలించే సాకెట్) తలుపు వెనక రెండు యూఎస్‌బీలు వచ్చాయి. 9000 వరుస మోడళ్లలో ఆ పోర్టును తీసేశారు, ఇది అంతకుముందుది కావడం మా అదృష్టం. యూఎస్‌బీ ముందు వైపు ఉంటే బాగుండేదని పెద్దాయన కూతురు అడిగారు. మెమరీ కార్డు రెక్కల వెనక పెట్టవచ్చు కానీ దానికి సాకెట్ల దిమ్మను కోయాలి. మాట గుర్తు చేశాను. సరేనన్నారు. వైఫైకి ఇబ్బంది లేదు, రేకు కవచాలు తీసేశాం కనుక ప్లాస్టిక్ గుండా సిగ్నల్ బాగానే వస్తుంది.

ముందున్న పాత కంట్రోలర్లు రెండూ పనిచేస్తాయి. ఒక్కో సాకెట్‌కు తొమ్మిది పిన్నులు. ఎంపిక తీగ ఒక్కో కంట్రోలర్‌కు వేరు, మిగతావి ఉమ్మడి. 3.3 వోల్టుల ప్రో మైక్రో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు వాటిని చదివి యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్‌లుగా చూపిస్తుంది. డేటా తీగకు పులప్ రెసిస్టర్ (ఏ సంకేతమూ లేనప్పుడు తీగను ఒకే వోల్టేజి దగ్గర నిలిపి ఉంచేది) మరిచిపోతే బటన్లు వాటంతట అవే నొక్కుకున్నట్లు కనిపిస్తాయి, అది ఒక్కటీ గుర్తుంచుకుంటే మిగతా పని సాఫీగా సాగుతుంది. వణికే మోటార్లకు 7.6 వోల్టులు వేరుగా కావాలి. అవి ఇవ్వలేదు, అది ముందే చెప్పాను.

ఇంట్లో

జూన్ రెండో వారంలో అప్పగించాను. 64 బిట్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్, నోటో సాన్స్ తెలుగు ఖతి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక, పెద్దాయన కళ్లకు సరిపోయేలా పెంచిన అక్షరాలు. మనవడు మొదటి గంటలోనే ఆకుపచ్చ దీపాన్ని పైథాన్‌తో ఆర్పి వెలిగించాడు. పెద్దాయన మాత్రం బటన్ నొక్కి, మళ్లీ నొక్కి, ఆ శబ్దం విని, కుర్చీలో వెనక్కి వాలారు.

పది రోజులకు ఫోను. మధ్యాహ్నం పూట చాలా నెమ్మదిగా ఉంటోందన్నారు. వెళ్లి చూస్తే పెట్టె మీద కుట్టుపని చేసిన అందమైన గుడ్డ కప్పి ఉంది, రెండు పక్కలా జానెడు కిందికి వేలాడుతోంది. ఎడమ వైపు గాలి లోపలికి పోవడానికి లేదు, కుడి వైపు బయటికి రావడానికి లేదు. ఆ ఇంట్లో టీవీకి, ఫ్రిజ్‌కు, కుట్టు మిషన్‌కు అన్నింటికీ గుడ్డలున్నాయి.

"దుమ్ము పడుతుందని వేశాను నాయనా" అన్నారు పెద్దావిడ.

"మంచిదే అమ్మా, పైన ఉంటే చాలు. పక్కలకు దిగకూడదు" అన్నాను. ఆమె అక్కడికక్కడే కత్తెర తెచ్చి కొలత వేయించుకుని, అంచులు మడిచి కుట్టేశారు. గాలి దారి గీసేటప్పుడు ఆ ఇంటి అలవాటును కూడా గీతలో కలుపుకోవాల్సింది నేను. ఇప్పుడు ఎవరికైనా ఇలాంటిది కట్టేముందు అది ఎక్కడ ఉంటుందో, దాని మీద ఏం కప్పుతారో ఇంటికి వెళ్లి చూస్తున్నాను.

అక్టోబరులో, వర్షాకాలం దాదాపు అయిపోయాక, మాట ప్రకారం విప్పి చూశాను. జాలీ బూడిద రంగులోకి మారింది, చేత్తో తడిమితే జిడ్డుగా, కాస్త తడిగా ఉంది. కుళాయి కింద కడిగి ఆరబెట్టి మళ్లీ జారవేశాను, ఇకపై రెండు నెలలకొకసారి మనవడు కడుగుతాడు. బోర్డు మీద చిలుము ఎక్కడా లేదు. సాకెట్ల పిన్నులు మెరుస్తున్నాయి, కొత్త స్క్రూలూ అంతే. గంట పరీక్షలో 68 డిగ్రీలు.

ఒక్కటి తప్పింది. ఓపెన్ బటన్ నొక్కితే డిస్క్ మూతను పైకి లేపే స్ప్రింగు పాతదే, ఇనుముది. స్క్రూలన్నీ మార్చిన నాకు అది తట్టలేదు. దాని చుట్టల మధ్య ఎర్రటి తుప్పు మొదలైంది, కింద ప్లాస్టిక్ మీద మరక కూడా పడింది. తుప్పు గీకి గ్రీజు రాసి పెట్టాను. ఆ కొలతలో, ఆ బలంతో స్టెయిన్‌లెస్ స్ప్రింగు గాజువాక ఆటోనగర్‌లో రెండు కొట్లలో అడిగాను, లేదు. తీగ తెచ్చి చుట్టించాలి, లేకపోతే పెద్దాయన ఓడ నుంచి తెచ్చుకున్న సామాన్ల పెట్టెలో వెతకాలి. రేపు ఆదివారం ఆ పెట్టె దించుతామన్నారు.